సమాధుల పండక్కి నేనుండను

అక్టోబరు 5

ఈ పొద్దున ఉప్పు డబ్బా పొయ్యికి ఎడమవైపు ఉంది. నేను కుడివైపు పెడతాను. అమ్మమ్మ కూడా కుడివైపే పెట్టేది.

నేను చర్చి నుంచి వచ్చేలోగా మా అక్క కాంగ్ మార్ వచ్చి, పొయ్యి రాజేసి, మెయికి, అంటే అమ్మకి, పాలు లేని ఎర్ర టీ కాచి ఇచ్చి, బజారుకి వెళ్ళిపోయింది. అక్కని అమ్మ దగ్గరికి రావద్దని ఎవరంటారు. కానీ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి జరిపి వెళుతుంది.

మా కొండల్లో ఇల్లు చిన్న కూతురిది అని ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. ఇంటితోపాటు ఇంకా ఏమేం నావో ఎవరూ ఒకేసారి చెప్పలేదు. మెయి మోకాళ్ళ నొప్పులు, కారే రేకులు, మేనమామ కోపం, వచ్చేపోయే చుట్టాలు, కొండవాలులో మా వంశం సమాధులు. ఒక్కొక్కటే వచ్చి నా ఒళ్ళో పడ్డాయి.

ఇవాళ టికెట్టు కొన్నాను. ముప్పయ్యో తారీఖున గౌహతి నుంచి కోల్‌కతా, అక్కడినుంచి హనోయ్. వీసా కిందటి వారమే వచ్చింది. లైబ్రరీలో దాచుకున్న సెలవులన్నీ కలిపితే రెండు వారాలు. ఒక్కదాన్నే. ఇంతవరకూ ఒక్కదాన్నే గౌహతి కూడా దాటలేదు.

వియత్నాం ఎందుకంటే అక్కడ మావాళ్ళెవరూ లేరు. ఐర్లండులో నర్సుగా చేసే పెద్దమ్మ కూతురుంది, దుబాయిలో ఇంకో పెద్దమ్మ కొడుకున్నాడు, బెంగుళూరు నిండా మావాళ్ళే. హనోయ్‌లో నన్ను విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్ళి పంది మాంసం పెట్టేవాళ్ళు లేరు.

అసలు కారణం తారీఖు. నవంబరు రెండున సమాధుల పండుగ. సమాధులు కడిగి, సున్నం కొట్టి, కొవ్వొత్తులు పెట్టి, ఆ సాయంత్రం వంశమంతటికీ అన్నం పెట్టవలసింది చిన్న కూతురు. అమ్మమ్మ చేసింది, మెయి చేసింది, మెయి మోకాళ్ళు పోయాక నేను చేస్తున్నాను.

ఈసారి నేనుండను. కాంగ్ మార్ చేయనీ. ఈ ఇంటి మీద కన్నేసింది కదా, ఇల్లంటే ఏమిటో తెలియనీ.

అక్టోబరు 6

ఉప్పు డబ్బా కుడివైపుకి జరిపాను.

అక్టోబరు 9

షాన్‌బోర్ పేరు ఇందులో రాయకూడదనుకున్నాను. ఒక్కసారి రాసి వదిలేస్తాను.

నిరుడు డిసెంబరులో, క్రిస్మస్ అప్పుడు, అతని తల్లి వచ్చి మామతో మాట్లాడింది. కొడుకు మా ఇంటికి అల్లుడిగా వస్తాడు, కాలేజీలో లెక్కలు చెబుతాడు, తాగడు, ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు. మామ వక్క పెట్టాడు. అంతా కుదిరిందనుకున్నాక కాంగ్ మార్ వచ్చి కూర్చుని, అమ్మమ్మ చెప్పిన మాటొకటి గుర్తొచ్చిందంది. ఏదో కరువు కాలంలో వాళ్ళ వంశమూ మా వంశమూ ఒకే కుండలో వండుకుని ఒక్కటయ్యాయట. అంటే షాన్‌బోర్ నాకు అన్న అవుతాడు.

మేం ఆదివారం తప్పకుండా చర్చికి వెళతాం, మెడలో శిలువ వేసుకుంటాం. అయినా మా కొండల్లో ఒకే వంశంలో పెళ్ళిని మించిన పాపం లేదు. అలాంటి జంట మీద పిడుగు పడుతుందంటారు. షాన్‌బోర్ తల్లి టీ సగంలో వదిలేసి లేచింది. వంశానికి పెద్ద అయిన మామ ఎవర్నీ అడగలేదు, ఏ ఊరికీ కబురు పంపలేదు. అన్నయితే అయ్యాడు, అతన్నే చేసుకుంటానన్నాను నేను. ఒక్కసారే అన్నాను. మెయి తింటున్న పళ్ళెం వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరిలో జోవాయ్‌లో అతనికి పెళ్ళయింది.

మే నెలలో మా పాత ఊళ్ళో ఎవరో పోతే వెళ్ళాను. అక్కడ మా వంశంలో అందరికన్నా పెద్దదైన అవ్వ, మాతో కలిసిన వంశాల పేర్లు వరసగా చెప్పింది. షాన్‌బోర్ వాళ్ళ పేరు రాలేదు. మళ్ళీ అడిగాను. "మనతో కలిసింది ఏటికి ఇవతలివాళ్ళు తల్లీ. నువ్వడిగే అవతలివాళ్ళతో మనకేం లేదు, పిల్లనివ్వచ్చు, పిల్లాడిని తెచ్చుకోవచ్చు," అంది.

అప్పటికి మూడు నెలలు ఆలస్యమైంది.

నాకు పెళ్ళి కాకపోతే, నా కడుపున ఆడపిల్ల పుట్టకపోతే, ఈ ఇల్లు కాంగ్ మార్ చిన్న కూతురికి పోతుంది. కాంగ్ మార్ పొరపాటు పడే మనిషి కాదు. తన కొట్లో ఎండుచేపల మూట చేత్తో ఎత్తి చూసి తూకం చెబుతుంది.

ఎవరికీ చెప్పలేదు. మెయికి చెబుదామని కొన్నిసార్లు అనుకున్నాను. మెయి మొదటినుంచీ తక్కువ మాటల మనిషి. కుదరలేదు.

అక్టోబరు 12

ప్రయాణం సంగతి మామకి చెప్పాను. వచ్చే ఆదివారం అందరూ కూర్చుని మాట్లాడతారట.

పొరుగావిడ వచ్చి చాలాసేపు కూర్చుంది. మెయి ఆమెతో కోళ్ళ గురించి, కొత్త ఫాదర్ ప్రసంగం గురించి, ఈ ఏడు నారింజలు పుల్లగా ఉండటం గురించి మాట్లాడింది. దీపాలు పెట్టాక జపమాల. ప్రార్థన సగం నేను, సగం మెయి.

అక్టోబరు 14

ఒంటరిగా తినడం అభ్యాసం చేశాను. లైబ్రరీ మూశాక షిల్లాంగ్ పోలీస్ బజారులో ఒక హోటలుకి వెళ్ళి నలుగురు కూర్చునే బల్ల దగ్గర కూర్చున్నాను. అక్కడున్న అమ్మాయి నీళ్ళు పెట్టి, ఎవరైనా వస్తున్నారా అంది. లేదన్నాను. ఆమె కాసేపటికి మళ్ళీ వచ్చి, "పోనీ, వాళ్ళు వచ్చాకే చెప్పండి," అంది. సాస్ సీసా మీద ఉన్నదంతా చదివాను. చివరికి టీ మాత్రం తాగి వచ్చాను.

రేపు మళ్ళీ వెళతాను.

అక్టోబరు 15

నూడుల్స్ తిన్నాను. సాస్ సీసా చదవలేదు.

అక్టోబరు 19

చర్చి అయ్యాక కూర్చున్నారు. మామ కుర్చీలో, మెయి పొయ్యి దగ్గర పీట మీద, కాంగ్ మార్ గుమ్మంలో వక్క తరుగుతూ.

మామ ముందు నెమ్మదిగానే మొదలుపెట్టాడు. చదువుకున్న పిల్లవి, లోకం చూడాలని ఉంటుంది, కాదనను, కానీ చిన్న కూతురికి అదేం అవసరం, లోకమే ఆమె ఇంటికి వచ్చి అన్నం తిని వెళుతుంది కదా అన్నాడు. ఈ మాట ఆయన ఇంతకుముందు కూడా ఎక్కడో వాడి ఉంటాడు.

"అక్కడ దీనికి ఎవరున్నారట?" అంది మెయి, మామ వైపు చూసి.

ఎవరూ లేరని నేను చెప్పాను. మెయి ఇంకా మామ వైపే చూస్తోంది.

"ఎవరూ లేరట," అన్నాడు మామ.

"జ్వరమొస్తేనో?" అంది మెయి ఆయనతోనే.

మామకి అదే దొరికింది. గొంతు పెంచాడు. తారీఖులు అడిగాడు. చెప్పాను.

"సమాధుల పండుగ నాడు ఇంట్లో ఉండని పిల్ల చిన్న కూతురెలా అవుతుంది? అమ్మమ్మ సమాధి మీద గడ్డి నేను పీకాలా? వెళ్ళు. వెళ్ళదలుచుకుంటే వెళ్ళు. ఇల్లు మార్‌కి ఇచ్చేస్తాం."

"ఇవ్వండి," అన్నాను. ఈ మాట అనడానికి నెల రోజులుగా సిద్ధమవుతున్నాను.

అప్పుడు కాంగ్ మార్ నవ్వింది.

"నాకెందుకు మామా ఇల్లు. ఉన్న అద్దెకొంపకి రేకులు వేయించలేక చస్తున్నా. రెండు వారాలేగా, నేనొచ్చి ఉంటా. సమాధులూ కడుగుతా, కూడూ వండుతా. వెళ్ళనీ పిల్లని. లైబ్రరీలో కూర్చుని కూర్చుని చెదలు పట్టేట్టుంది."

"మరి నీ కొట్టు?"

"ఎండుచేపలే కదా మామా. ఇంకో రెండు వారాలు ఎండుతాయి."

మామ కూడా నవ్వాడు. మెయి కూడా. కాంగ్ మార్ అందరికీ వక్క ఇచ్చింది. నాకు కూడా ఇచ్చింది. తీసుకున్నాను.

అక్టోబరు 20

నేను తన్ని పగలగొట్టాలనుకున్న తలుపుని ఆమె తెరిచి పట్టుకుంది.

ఇది కూడా ఆమెదే అయింది.

అక్టోబరు 24

పండుగ వంటకి పెద్ద కుండలు చర్చి వాళ్ళవి. వారం ముందే చెప్పుకోకపోతే వేరేవాళ్ళు తీసుకుపోతారు. నేనైతే ఈపాటికి చెప్పేదాన్ని.

కాంగ్ మార్ అడిగితే చెబుతాను. అడగలేదు.

అక్టోబరు 26

అడగలేదు.

అక్టోబరు 29

సంచీ సర్దాను. రెండు జతల బట్టలు, గొడుగు, గళ్ళ శాలువా, రెండు పుస్తకాలు. కాంగ్ మార్ పిల్లలతో సహా దిగింది. చిన్నది నా మంచం మీద గెంతుతోంది. "ఇది నా గదా?" అని అడిగింది. ఎవరు నేర్పి ఉంటారో నాకు తెలుసు.

మెయి కాంగ్‌ని, "దానికి స్వెటరుందా?" అని అడిగింది. నేను అక్కడే ఉన్నాను. ఉందని కాంగ్ చెప్పింది.

పాత ఊళ్ళో అవ్వ చెప్పిన మాట రేపు సుమోలో కూర్చున్నాక కాంగ్‌కి చెబుతాను. ముందు చెబితే మాట్లాడటానికి ఆమెకి సమయం దొరుకుతుంది. మాటల్లో నేను ఎప్పుడూ ఆమెని గెలవలేదు. చెప్పి వెళ్ళిపోవాలి. ఆ తర్వాత సమాధులు కడుగుతున్నప్పుడు, వండుతున్నప్పుడు, వంశమంతటికీ వడ్డిస్తున్నప్పుడు ఆ మాట ఆమె కడుపులో ఉండాలి.

మే నెల నుంచి నా కడుపులో ఉన్నట్టు.

అక్టోబరు 30, కోల్‌కతా విమానాశ్రయం

వరసగా రాస్తాను, లేకపోతే నాకు అనుకూలంగా మార్చేస్తాను.

బయలుదేరేటప్పుడు మెయి పొయ్యిలో కట్టెలు సర్దుతోంది. వెళ్ళొస్తానన్నాను. కట్టెలు సర్దుతూనే ఉంది.

గౌహతి సుమోలు ఆగే చోటుదాకా కాంగ్ మార్ నా సంచీ మోసింది. వద్దంటే వినలేదు. కిటికీ పక్క సీటు కోసం డ్రైవరుతో పోట్లాడి ఇప్పించింది. చెంగులోంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. ఎండుచేప పచ్చడి.

"విమానంలో మూత తీయకు. వాసనకి దారిలోనే దింపేస్తారు," అంది.

నేను నవ్వలేదు. సుమో నిండింది. డ్రైవరు ఎక్కాడు.

"కాంగ్," అన్నాను. "ఏటికి అవతలివాళ్ళతో మనకి ఏ బంధుత్వమూ లేదు. మనతో కలిసింది ఇవతలివాళ్ళు. పాత ఊళ్ళో అవ్వ చెప్పింది."

వక్క నములుతున్న దవడ ఆగింది.

"ఎప్పుడు చెప్పింది?"

"మే నెలలో."

"మే నెల నుంచి తెలిసి, నన్నొక్క మాట అడగలేదేం హెప్?"

హెప్ అని చిన్నపిల్లల్ని పిలుస్తారు. ఆమె నన్ను అలా పిలిచి చాలా కాలమైంది.

"అడిగితే పొరపాటైందంటావు. ఆ మాట అనేస్తే నీకు అయిపోతుంది," అన్నాను.

సుమో కదిలింది. ఆమె పక్కనే నాలుగడుగులు నడిచింది. ఏదో అంది, నాతో కాదు, తనలో తాను. "ఇవతలివాళ్ళా," అన్నట్టు వినిపించింది. ఏటి ఒడ్డున నిలబడి ఏది ఇవతలో ఏది అవతలో చూసుకుంటున్నట్టు చేయి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పింది.

ఇన్ని నెలలూ ఆ మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. నేను ఊహించిన మొహం అది కాదు. తూకం తప్పిన మనిషి మొహంలా ఉంది.

నటించడం ఆమెకి చిన్నప్పటినుంచీ వచ్చు.

ఇక్కడ కిటికీ వెనక ఉన్న ఉద్యోగి పాస్‌పోర్టు చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు. షిల్లాంగ్ ఏ రాష్ట్రంలో ఉందో నన్నే అడిగాడు. హిందీ వచ్చా అన్నాడు. ఒక్కరేనా, ఇంట్లోవాళ్ళకి తెలుసా అన్నాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఎందుకు వెళుతున్నారని అడిగితే, చూడటానికి అన్నాను. పగ తీర్చుకోవడానికి అంటే ముద్ర ఎక్కడ వేయాలో పాపం అతనికి తెలియదు.

అక్టోబరు 31, హనోయ్

ఇక్కడ ఎవరూ నా వైపు చూడటం లేదు.

కొండలు దిగిన ప్రతిచోటా నా కళ్ళూ ముక్కూ చూసి ఏ దేశమని అడిగినవాళ్ళే. ఇక్కడ బొప్పాయిలమ్మే ఆవిడ వాళ్ళ భాషలో నన్ను గట్టిగా తిట్టింది. రోడ్డు దాటడం రాక ఆవిడ బుట్టల మధ్యలో నిలబడిపోయాను. ఆవిడ తిడుతూనే నా మోచేయి పట్టుకుని, మోటారుసైకిళ్ళ మధ్యలోంచి అవతలికి దాటించి, ఇంకో మాట తిట్టి వెళ్ళిపోయింది. సొంత పిల్లని తిట్టినట్టే తిట్టింది.

వీధిలో చిన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చుని నూడుల్స్ తిన్నాను. ఎవరైనా వస్తున్నారా అని ఎవరూ అడగలేదు.

నవంబరు 1

కాంగ్ మార్ ఫోను చేసింది. తీయలేదు. తర్వాత మెసేజీ పెట్టింది. చర్చి కుండలు ఎవరో తీసుకుపోయారట, ఇంకెక్కడ దొరుకుతాయి హెప్ అని.

చదివాను. ఫోను బోర్లా పెట్టాను. సరస్సు చుట్టూ రెండుసార్లు తిరిగాను. చాలా హాయిగా ఉంది.

నవంబరు 2

చాలా హాయిగా ఉంది.

ఇక్కడి పెద్ద చర్చికి వెళ్ళాను. ఒక్క మాటా అర్థం కాలేదు. ఎప్పుడు మోకరించాలో, ఎప్పుడు లేవాలో మాత్రం తెలుసు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన మొదలయ్యాక పక్కనున్న ముసలావిడ పేర్లు గొణుక్కుంటోంది. నేను కూడా అమ్మమ్మ పేరు అన్నాను. ఇది పండుగ చేయడం కింద రాదు.

ఈపాటికి కాంగ్ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకుతుంటుంది. వాన పడుతుంటుంది. ఈ రోజున ఎప్పుడూ పడుతుంది. కొవ్వొత్తులు ఆరిపోతుంటాయి. నేనైతే వెదురు బుట్టలు బోర్లించి వాటి కింద పెడతాను. ఆమెకి తెలియదు. మామ అరుస్తుంటాడు. ఇంటికి వచ్చేసరికి అందరూ ఆకలితో ఉంటారు. కుండలుండవు. పంది కూరలో వేసే నల్ల నువ్వులు మాడ్చేస్తుంది. అందరూ నన్ను తలుచుకుంటారు. చిన్నది ఉంటే ఇలా అయ్యేదా అంటారు.

పొద్దుటి నుంచీ ఇదే అనుకుంటున్నాను. మొదటిసారి అనుకున్నప్పుడు ఉన్నంత రుచి ఇప్పుడు లేదు. మళ్ళీ అనుకుంటాను.

ఇవాళ ఫోను రాలేదు.

నవంబరు 3

పొద్దున్నే ఫోను. తీశాను. ఎలా పాడైందో వినాలని తీశాను.

బాగానే పాడైంది. కొవ్వొత్తులు ఆరిపోయాయి. పొరుగువాళ్ళ నుంచి బట్టలు ఉడకబెట్టే డేగిశాలు తెచ్చి వండిందట. మాంసం సగం ఉడికింది, అన్నం సబ్బు వాసన వేసింది. మామ పళ్ళెం వాసన చూసి, శుభ్రంగా ఉతికి వండావు మార్ అన్నాడట. చెబుతూ ఆమే నవ్వింది. నేను నవ్వాపుకున్నాను.

తర్వాత ఆమె గొంతు మారింది.

"అందరూ తింటుంటే చెప్పాను హెప్."

"ఏమని?"

"నాదే తప్పని. అమ్మమ్మ చెప్పింది ఇవతలివాళ్ళ గురించి, నేను అవతలివాళ్ళకి అంటగట్టానని. నీ పెళ్ళి నేనే చెడగొట్టానని. మామ ముందు, మెయి ముందు, వంశమంతా ఉండగానే చెప్పాను."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నీకోసమేం కాదులే," అంది. "ముద్ద దిగలేదు, అందుకని."

మామ ఏమన్నాడని అడిగాను. ఏమంటాడు, ఎముక పక్కన పెట్టి చేయి కడుక్కున్నాడు, ఆయనా ఎవర్నీ అడగలేదు కదా అంది.

ఇన్ని నెలలు పిడికిట్లో పట్టుకున్నదాన్ని ఆమె సబ్బు వాసన అన్నం ముందు తెరిచి అందరికీ పంచేసింది. ఒక్క మాట నన్ను అడగలేదు. తిరిగి వెళ్ళాక ఆమెని అనడానికి నా దగ్గర ఏముంది. షాన్‌బోర్ జోవాయ్‌లోనే ఉంటాడు. పొరపాటో అబద్ధమో ఎవరు తేలుస్తారు. నాకింకా కోపంగానే ఉంది. అది రాసిపెట్టుకుంటున్నాను, మర్చిపోకుండా.

"ఉండు, మెయి ఇక్కడే ఉంది," అంది కాంగ్.

ఫోను చేతులు మారిన చప్పుడు. కోళ్ళ అరుపు. ఊపిరి.

"అక్కడ అన్నమేనా?" అంది మెయి.

"అన్నమే మెయి."

"పలుకా, మెత్తనా?"

"మెత్తన. చేతికంటుకుంటుంది."

"ఊఁ. అయితే కడుపు నిండుతుంది," అంది. ఫోను కాంగ్‌కి ఇచ్చేసింది.

వీధిలోకి వెళ్ళి అన్నం అడిగాను. వేలు చూపించి, పళ్ళెం చూపించి అడిగాను. పొద్దున్నే అన్నమేమిటన్నట్టు చూసి, అయినా పెట్టారు. మొత్తం తిన్నాను. రేపు హ్యూయే అనే ఊరికి వెళ్ళే రైలెక్కాలి.

నిరుడు క్రిస్మస్ తర్వాత మెయి నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి.